చాప కింద మోయే మామ్మ

లఫయేలే ఏడిస్తే జనం నవ్వుతారు. అందులో అతని తప్పేమీ లేదు, ఆ ముఖం అలాంటిది. పై పెదవి ఒక పక్కకి లాక్కుపోతుంది. కుడికన్ను మూసుకుపోతుంది, ఎడమకన్ను గుడ్లగూబ కన్నులా విప్పారుతుంది. ముక్కులోంచి గురక లాంటి చప్పుడొకటి బయలుదేరుతుంది. వాళ్ళమ్మ పోయినప్పుడు శవపేటిక పక్కన నిలబడి ఏడుస్తుంటే పాస్టరుగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నారు అందరూ. ఆయన భుజాలు కదలడం చూసినవాళ్ళకి మాత్రం సంగతి అర్థమైంది.

ఆ ముఖమే అతనికి ముప్పై ఏళ్ళుగా తిండి పెట్టింది, పేరు తెచ్చింది, రేకుల ఇల్లు కట్టించింది. ఇప్పుడు అదే ముఖాన్ని చాప కింద దాచుకుని, కొడుకు ప్రాణం అడుక్కోవడానికి వైమోలి ఊరికి బయలుదేరాడు.

ఆ ముఖం విలువ మొదట కనిపెట్టినవాడు ముసలి ఫోనోతి. పిల్లల ఆదివారం నాడు చర్చిలో తెల్లబట్టలు తొడుక్కుని ఒక్కో పిల్లా ఒక్కో వచనం ఒప్పజెప్పాలి. లఫయేలేకి తన వచనం గుర్తు రాలేదు. భయమేసి ఏడ్చాడు. చర్చి చర్చంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంటికెళ్ళాక తండ్రి తాటతీస్తుంటే, ఫోనోతి గుమ్మంలో నిలబడి, "కొట్టింది చాలు, ఆ ముఖం పాడవుతుంది. దాన్ని నాకివ్వు," అన్నాడట. అలా లఫయేలే నాటక బృందంలో చేరాడు.

మా సమోవాలో హాస్య నాటకాన్ని దయ్యాల ఇల్లు అంటారు. ఆడేవాడిలో దయ్యం దూరి మాట్లాడుతుందని లెక్క. అందుకే ఊరి మటాయిని, పాస్టరుని, ఆయన భార్యని, చివరికి మంత్రిని కూడా ఎదుట కూర్చోబెట్టుకుని వెక్కిరించినా చెయ్యెత్తేవాడుండడు. అన్నది దయ్యం. ఆట అవగానే దయ్యం దాని దారిన అది పోతుంది, అన్న మాట కూడా దాని వెంటే పోతుంది. మటాయిలు ఇళ్ళ పెద్దలు, వాళ్ళకి ఎవరూ నోరు తెరిచి ఎదురు చెప్పరు. ఏడాదికోసారి వాళ్ళ పరువు తీయించుకోవడం వాళ్ళకీ హాయిగానే ఉండేదేమో.

లఫయేలేలో దూరిన దయ్యం పేరు మోయే మామ్మ, మోయే అంటే మా భాషలో నిద్ర. కొబ్బరి పీచు విగ్గు, పూలగౌను, బొడ్లో విసనకర్ర. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోయే ముసలమ్మ. పెళ్ళిలో నిద్రపోతుంది, ప్రసంగంలో నిద్రపోతుంది, మంత్రిగారు రోడ్డు ప్రారంభిస్తుంటే రిబ్బనుకి ఆనుకుని నిద్రపోతుంది. స్వాతంత్ర్య దినం పోటీల్లో వరసగా గెలిచారు. న్యూజిలాండులో ఉన్న మావాళ్ళు ఆక్లాండు చర్చి హాళ్ళకి పిలిపించుకున్నారు. టీవీ వచ్చాక, శుక్రవారం సాయంత్రం మోయే మామ్మ వచ్చే వేళకి ఊళ్ళో పందులకి మేత వేసేవాడు ఉండేవాడు కాదు.

ఆ టీవీ కోసమే అతను ఇఫోంగా ఆట కట్టాడు.

ఇఫోంగా అంటే ఆట కాదు. మనిషి ప్రాణం తీసినవాడి ఇంటివాళ్ళు, పోయినవాడి ఇంటి ముందు తెల్లవారకముందే వెళ్ళి తల వంచుకుని కూర్చుంటారు. ముందున్నవాడు సన్నచాప తలమీదుగా కప్పుకుంటాడు. పక్కన కట్టెలూ పొయ్యిరాళ్ళూ పెడతారు, మమ్మల్ని పందుల్లా కాల్చుకున్నా మీ దయ అని. ఆ ఇంటివాళ్ళలో ఒకరు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో, వానలో అలాగే కూర్చోవాలి. రాళ్ళు పడినా కత్తి పడినా లేవకూడదు.

మోయే మామ్మ ఆటలో ముసలమ్మ తన కొడుకు చేసిన ఘనకార్యానికి చాప కప్పుకుని కూర్చుంటుంది. ఇంటి పెద్ద బయటికొచ్చి, గొంతు చించుకుని, వంశాలన్నీ తవ్వి, గంభీరంగా తిడుతూ ఉంటాడు. చాపలోంచి గురక వినిపిస్తుంది. తిట్టు ఆగుతుంది. చాప అంచు మెల్లగా లేస్తుంది, ఒక్క కన్ను బయటికి చూస్తుంది. "అయ్యా, కోకో కాగిందా? లేకపోతే ఇంకాసేపు పడుకుంటా."

దేశం దేశమంతా విరగబడి నవ్వింది. ఆ తరవాత లఫయేలే బజారుకెళితే చాలు, చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర్నుంచి పోలీసుల దాకా, "మామ్మా, కోకో కాగిందా?" అనేవాళ్ళు. అతనూ ఒక కన్ను మూసి చూపించేవాడు. కొట్లవాళ్ళు పిసుపో, అదే డబ్బా మాంసం, ఊరికే ఇచ్చేవాళ్ళు.

ఫోనోతి ఒక్కడే నవ్వలేదు. అప్పటికి కాళ్ళు పడిపోయి మంచంలో ఉన్నాడు.

"ఒరేయ్ లఫా, దేన్నైనా ఆడుకో. పాస్టరు పెళ్ళాన్ని ఆడుకో, నా చచ్చుకాళ్ళని ఆడుకో. దాన్ని మాత్రం ఎందుకు ముట్టుకున్నావురా?"

"నాదేముంది పెద్దయ్యా, అంతా దయ్యం పని కదా."

"వేదిక మీదైతే దయ్యం పనే. ఆట అయిపోతే అది పోతుంది. ఆ పెట్టెలో కూర్చోబెట్టావు కదరా. వారం వారం మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. ఇక అదెట్లా పోతుంది? రేపు నిజంగా ఎవడో చాప కప్పుకుని కూర్చుంటాడు. వాణ్ణి చూసి జనం ఏం చెయ్యాలి?"

లఫయేలే అప్పుడు కూడా ఒక కన్ను మూసి చూపించాడు. ముసలాడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ వానాకాలమే పోయాడు.

కొన్నాళ్ళకి టీవీవాళ్ళు కొత్త ముఖాలు వెతుక్కున్నారు. పాత ఆటలు వేస్తూనే ఉన్నారు గాని పిలవడం మానేశారు. లఫయేలే మళ్ళీ చర్చి హాళ్ళకే దిగాడు. కొడుకు సేమీ పికప్ బండి నడిపేవాడు. బండి తలుపు మీద ఒక కన్ను మూసుకున్న మోయే మామ్మ బొమ్మ వేయించుకున్నారు. సేమీ మెతకవాడు, తండ్రి పోలికలు రానివాడు, నలుగురిలో నోరు విప్పడానికే సిగ్గుపడేవాడు. తండ్రి అడిగింది కాదనడం మాత్రం ఎరగడు.

ఒక సాయంత్రం రాజధాని అపియాలో చర్చి పైకప్పు కోసం విరాళాల ఆట. హాలు నిండిపోయింది. పెట్టె తెరిచి చూస్తే విగ్గు లేదు, ఇంట్లోనే ఉండిపోయింది.

"పరిగెత్తరా సేమీ. నేను వేదిక ఎక్కేలోపు రావాలి," అన్నాడు లఫయేలే.

"దూరం కదా నాన్నా, గౌను మీద గుడ్డ కట్టుకుంటే సరిపోదా?"

"గుడ్డ కట్టుకుంటే ఎవడు నవ్వుతాడురా? తొక్కు బండి, తొక్కు."

విగ్గు రాలేదు. చివరికి ఎవరిదో తలగుడ్డ కట్టుకుని ఎక్కాడు. జనం మామూలుకన్నా ఎక్కువే నవ్వారు. గుడ్డ జారిపోతుంటే పళ్ళతో పట్టుకున్నాడు, దానికీ నవ్వారు. చెమటలు కారుతూ దిగేసరికి తెర పక్కన భార్య సూలియా ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి కూడా అతను ముందు అడిగింది విగ్గు సంగతే. ఆ మాట ఆమె మరిచిపోలేదు. అతనూ మరిచిపోలేదు.

వైమోలి మలుపులో, కొట్లో రొట్టె కొనుక్కుని రోడ్డు దాటుతున్న ఇలైసా అనే కుర్రాణ్ణి సేమీ బండి గుద్దింది. కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. తండ్రి లేని పిల్లాడు, తల్లి ఫెతూకి ఒక్కడే. సేమీ పారిపోలేదు. ఊరివాళ్ళు కొడుతుంటే రోడ్డు మీదే కూర్చున్నాడు. పోలీసులు వచ్చి లాక్కుపోయారు కాబట్టి బతికాడు. సీటు మీద విగ్గు, తలుపు మీద కన్ను మూసుకుని నవ్వుతున్న మామ్మ.

అప్పట్నుంచీ వైమోలి కుర్రాళ్ళు కొబ్బరికాయలు కొట్టే కత్తులు పట్టుకుని స్టేషను ఎదుట తిరుగుతున్నారు. పోలీసులు ఎన్నాళ్ళు కాపలా కాస్తారు? బెయిలు మీద వదిలినా చంపుతారు, జైల్లో పెట్టినా లోపల వైమోలివాళ్ళున్నారు. ఇఫోంగా కుదిరితే తప్ప సేమీ బతకడు. ఆ మాట పోలీసు అధికారే చెవిలో చెప్పి పంపాడు.

ఇంటి మటాయి లఫయేలే అన్న అపేలు. అందర్నీ కూర్చోబెట్టి తేల్చి చెప్పాడు.

"చాప నేను కప్పుకుంటా. లఫా రాకూడదు."

"కన్నతండ్రి రాకుండా ఇఫోంగా ఏంటి బావగారూ?" అంది సూలియా. "రానందుకే రాళ్ళేస్తారు."

"వస్తే నవ్వుతారమ్మా. రాయి పడినా పోయినవాడి తల్లికి కోపం చల్లారొచ్చు. నవ్వు వినపడితే ఎప్పటికీ చల్లారదు. వీడు కూర్చుంటే ఏమవుతుందో నీకు తెలీదా?"

అందరూ లఫయేలే వైపు చూశారు. చూసి వెంటనే తలలు దించుకున్నారు. ఒక మేనకోడలు చేత్తో నోరు మూసుకుంది. నవ్వాలని కాదు పాపం, అలవాటు.

"చాప నేనే కప్పుకుంటానన్నా," అన్నాడు లఫయేలే. "నా ముఖం కనపడకుండా ఉండాలంటే అంతకన్నా మంచి చోటేదీ?"

అపేలు చివరికి ఒప్పుకున్నాడు. "సరే. కానీ ఊపిరి కూడా గట్టిగా తియ్యకు. మాట్లాడేదేమన్నా ఉంటే నేను మాట్లాడతా. ఇంకో మాట. విగ్గు సంగతి అక్కడ ఎత్తకు. బండి బ్రేకు పడలేదు, అంతే. కొబ్బరిపీచు కోసం వాళ్ళ పిల్లాడు పోయాడని తెలిస్తే మనందర్నీ నరుకుతారు."

సూలియా పరుపు కింద నుంచి సన్నచాప తీసింది. వాళ్ళమ్మమ్మ మొగలాకు చీల్చి, ఎండబెట్టి, ఏళ్ళ తరబడి అల్లిన చాప. ముట్టుకుంటే పట్టుబట్టలా జారిపోతుంది, అంచుకి ఎర్ర ఈకలు. సేమీ పెళ్ళికని దాచింది. మడత విప్పి భర్త ఒళ్ళో పెట్టి, "దీంట్లో నువ్వు మోయే మామ్మవి కాకు. ఒక్క రోజు నా మొగుడిలా కూర్చో," అంది.

తెల్లవారకముందే వైమోలి చేరారు. ఫెతూ అన్న సావేయా ఆ ఇంటి మటాయి. అతని ఇంటికి గోడలు లేవు, స్తంభాలే. లోపల లేసు తెరల మధ్య శవపేటిక, దాని చుట్టూ చాపల మీద ఆడవాళ్ళు. లఫయేలే కుటుంబం గులకరాళ్ళ మీద వరసగా కూర్చుని తలలు వంచింది. ముందు అతను. చాప తలమీదికి జారింది, లోకం గోధుమరంగు చీకటైపోయింది. మొగలాకు వాసన, పాతబడ్డ కొబ్బరినూనె వాసన. అతను సేమీ పేరు మనసులో పలుకుతూ కూర్చున్నాడు. ప్రార్థన ఒక్కటీ గుర్తు రాలేదు, చిన్నప్పటి వచనంలాగే.

తెల్లవారింది. మొదట కోళ్ళు, తరవాత చీపుర్ల చప్పుడు, ఆ తరవాత మనుషులు. కత్తులు పట్టుకున్న కుర్రాళ్ళ కాళ్ళు చాప అంచు కిందనుంచి కనిపించాయి. ఎండ ఎక్కింది. మోకాళ్ళు మొద్దుబారాయి. ఫర్వాలేదు, జరిగిపోతుందేమో అని అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

అప్పుడొక చిన్నపిల్ల గొంతు వినపడింది. "అక్కా, ఈ కాళ్ళు మోయే మామ్మవే."

వేదిక మీద ఎప్పుడూ వట్టికాళ్ళతోనే ఆడాడు. ఆ ముద్దబొటనవేళ్ళు పిల్లలందరికీ తెలుసు. అతను వేళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ముడుచుకోవడం కూడా మామ్మ ముడుచుకున్నట్టే ఉంది కాబోలు, ఎవడో కిసుక్కుమన్నాడు.

మాట ఊరంతా పాకింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. తరమడానికి వాళ్ళేమీ అల్లరి చెయ్యడం లేదు. వచ్చి, గులకరాళ్ళ మీద బాసీపట్లు వేసుకుని, టీవీ ముందు కూర్చున్నట్టు బుద్ధిగా వరసలో కూర్చున్నారు. చాప అంచు ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నారు. వాళ్ళు పుట్టినప్పట్నుంచీ చూసిన ఇఫోంగా అదొక్కటే.

"ఇప్పుడు కన్ను చూపిస్తుంది చూడు."

"ముందు గురక పెట్టాలే, నీకేం తెలీదు."

చాప కింద లఫయేలే నిలువునా నీరైపోయాడు. ఫోనోతి గోడవైపు తిరిగిన ముఖం కళ్ళముందు కదిలింది. లేచి ఆ పిల్లల కాళ్ళు పట్టుకుని వెళ్ళిపొమ్మని బతిమాలుకోవాలనిపించింది. లేవకూడదు. పెదవి కొరుక్కున్నాడు, నోట్లోకి రక్తం ఉప్పగా వచ్చింది.

ఒక పిల్లాడికి ఓపిక నశించింది. "మామ్మా, కోకో ఇంకా కాగలేదు!"

నవ్వు పేలింది. పిల్లలదే కాదు, వెనక నిలబడ్డ పెద్దలది కూడా. వెంటనే అణుచుకున్నారు, అణుచుకునేకొద్దీ పొంగింది. లోపల ఆడవాళ్ళ ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒక రాయి వచ్చి లఫయేలే భుజానికి తగిలింది, ఇంకోటి అపేలు నుదుటికి. అపేలు కదలకుండా, పెదవులు ఆడించకుండా, "చచ్చాం రా తమ్ముడూ," అన్నాడు.

సేమీ చచ్చిపోతాడు. తన ముఖం చూపించకుండానే, తను నోరు విప్పకుండానే చంపేస్తున్నాడు కొడుకుని. ఆ తలంపు రాగానే లఫయేలేకి ఏడుపు ఆగలేదు. నోట్లో చాప అంచు కుక్కుకున్నాడు. అయినా ముక్కులోంచి వచ్చేసింది ఆ దిక్కుమాలిన గుర్రు. పెద్దగా, సాగదీసి, అచ్చం శుక్రవారం సాయంత్రం వచ్చినట్టే.

పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు.

సావేయా ఇంట్లోంచి దూకినట్టు వచ్చాడు. కత్తి మొన చాప ముందు గులకరాళ్ళలో దిగింది.

"నవ్వుతున్నావురా లోపల? మా పిల్లాడి శవం ముందు ఆట కడుతున్నావా?"

లఫయేలే సమాధానం చెప్పబోయాడు. ఏడుపూ మాటా కలిసి ఇంకో గురక వచ్చింది.

"ముఖం చూపించు," అని అరిచాడు సావేయా. అరిచాడే గాని చెయ్యి చాప దాకా వచ్చి ఆగిపోయింది. ఎత్తితే క్షమించినట్టు. ఊరంతా చూస్తోంది. ఎత్తకపోతే లోపల ఉన్నవాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలిసే దారి లేదు. లఫయేలే తనంతట తాను ఎత్తితే ఇఫోంగా చెడినట్టు, పైగా అది అచ్చం టీవీలో ఆటే. సావేయా కత్తి పట్టుకుని అలా రొప్పుతూ నిలబడ్డాడు. అతనికీ దారి లేదు, చాప కింద వాడికీ దారి లేదు. కుర్రాళ్ళు ఒక అడుగు ముందుకి వేశారు.

"అన్నయ్యా, కత్తి తీసెయ్," అంది ఒక ఆడగొంతు.

మా దగ్గర తోబుట్టువు మాట దాటిన మగవాడు మనుషుల్లో లెక్క కాదు, మటాయి అయినా సరే. సావేయా కత్తి లాగి వెనక్కి తగ్గాడు. ఫెతూ వచ్చి చాప ముందు గులకరాళ్ళ మీద కూర్చుంది. నిద్ర లేని మనిషి ఊపిరి లఫయేలేకి దగ్గరగా వినపడింది. చాప ఎత్తలేదామె. అంచు కిందనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది.

ఆ చెయ్యి వెతుక్కుంటూ అతని గడ్డం తాకింది. చెంప తాకింది. తడి తగిలి ఆగింది. గుడ్డివాళ్ళు చూసినట్టు మెల్లగా ముఖమంతా తడిమింది: పక్కకి లాక్కుపోయిన పెదవి, మూసుకుపోయిన కన్ను, తెరుచుకున్న కన్ను.

"ఏడుస్తున్నావా, ఆడుతున్నావా?" అంది.

"నాకు వేరే ఏడుపు రాదమ్మా. పుట్టినప్పట్నుంచీ ఇంతే."

చెయ్యి అక్కడే ఉంది.

"నీ కొడుకు ఎందుకంత వేగంగా తోలాడు?"

వెనక అపేలు పొడిదగ్గు దగ్గాడు. బ్రేకు పడలేదు. ఆ రెండు మాటలు లఫయేలే నాలుక చివరే ఉన్నాయి. అవి చెబితే సేమీ బతకొచ్చు. కానీ ఆ చెయ్యి అతని చెంప మీద ఉంది. దానికింద ముఖం దాచడం అతనివల్ల కాలేదు.

"నేను తోలమన్నానమ్మా. విగ్గు మరిచిపోయాను. అది లేకపోతే జనం నవ్వరని, పరిగెత్తమని నేనే పంపాను. వాడు వద్దన్నాడు. మీ అబ్బాయి రోడ్డు మీద పడి ఉన్నప్పుడు నేను వేదిక మీద ఉన్నాను. బాగా నవ్వారమ్మా ఆ పూట."

చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

గులకరాళ్ళు చప్పుడయ్యాయి, ఆమె లేచి వెళ్ళింది. ఇక ఎవరూ నవ్వడం లేదు. ఎవరో పిల్లల్ని రెక్కలు పట్టుకుని లాక్కెళుతున్నారు. వెనక సూలియా ఏడుపు మొదలైంది. అయిపోయింది, ఇక రావలసింది కత్తే అనుకున్నాడు లఫయేలే. వస్తే తన మీదకే రావాలని, ఇక్కడే తీరిపోయి స్టేషను దాకా పోకూడదని, దేవుణ్ణి వేడుకున్నాడు. చాప కింద ఉక్కగా ఉంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఎంతసేపు గడిచిందో తెలీదు, ఎండ చాపలోంచి నెత్తిమీదికొచ్చింది.

ముందు వాసన వచ్చింది. పొయ్యి మీద మరుగుతున్న కోకో, అడుగంటబోతుంటే గరిటెతో కలిపిన వాసన. తరవాత గులకరాళ్ళ మీద అడుగులు. ఆమె మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది. కప్పు రాయి మీద పెట్టిన చప్పుడైంది.

"అడుగు," అంది ఫెతూ.

అతనికి అర్థం కాలేదు.

"మావాడు రోజూ పొద్దున్నే దుప్పటి ముసుగులోంచి ఒక కన్ను పెట్టి అడిగేవాడు, నీ గొంతుతోనే. చిన్నప్పట్నుంచీ. చీపురు తిరగేసి కొట్టినా మానలేదు. వాడు పోయిన మర్నాడు అలవాటుకొద్దీ కోకో పెట్టాను. కాగి కాగి మాడిపోయింది. అడిగేవాడు లేడు కదా, దించాలని తోచలేదు." ఆమె కప్పు చాప దగ్గరికి జరిపింది. "అడుగు."

"నా నోట రాదమ్మా."

"నీ నోటే రావాలి. ఆ మాట మా ఇంటికి తెచ్చింది నువ్వే."

ఊరంతా వింటోంది. కత్తుల కుర్రాళ్ళు వింటున్నారు, సావేయా వింటున్నాడు. లఫయేలే నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంతకాలం వద్దన్నా వచ్చిన మోయే మామ్మ ఎక్కడికి పోయిందో పోయింది. తన సొంత గొంతుతో అడగబోయాడు. పెదవి పక్కకి లాగింది, కన్ను మూసుకుంది. చివరికి వచ్చింది మామ్మ గొంతే, కానీ అరిగిపోయి, వణుకుతూ, నిజంగా ముసలిదైపోయి వచ్చింది.

"అమ్మా, కోకో కాగిందా?"

ఎవరూ నవ్వలేదు. ఆ మాటకి ఎవరూ నవ్వకపోవడం అతని బతుకులో అదే మొదలు.

చాప లేచింది. ఎండ ఒక్కసారిగా కళ్ళలో పడింది. వెలుగులో ఆమె ముఖం ముందు కనపడలేదు, చాప అంచు పట్టుకున్న చేతులు మాత్రం కనపడ్డాయి. ఆమె ఆ వికారపు ముఖాన్ని చూసింది. చూపు తిప్పుకోలేదు.

"కాగింది నాయనా. లే," అంది.

కాళ్ళు తిమ్మిరెక్కి అతను లేవలేకపోయాడు. సావేయా చెయ్యి ఇవ్వలేదు గాని కత్తి స్తంభానికి ఆనించి, కుర్రాళ్ళని వెనక్కి పొమ్మని సైగ చేశాడు. వెనక సూలియా గులకరాళ్ళ మీద బోర్లా పడి సేమీ పేరు పిలుస్తూ ఏడుస్తోంది. ఫెతూ కప్పు తీసి అతని చేతిలో పెట్టింది. అతను తాగేదాకా తనూ ఒక చెయ్యి కప్పుకి ఆనించి ఉంచింది.

కోకోలో పంచదార మరీ ఎక్కువైంది. ఇలైసాకి అలాగే వేసేదట.